కసెర్తా రాజప్రాసాదం, దాని ఉద్యానవనం

దక్షిణ ఇటలీలో నేపుల్స్‌కు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన, కాంపానియా మైదానం కొండల అంచును చేరే చోట కసెర్తా పట్టణం ఉంది. బోర్బన్ వంశపు రాజులు 18వ శతాబ్దంలో అక్కడ కట్టించిన రాజప్రాసాదం యూరప్‌లోని అతి పెద్ద రాజభవనాల్లో ఒకటి. అందులో దాదాపు 1,200 గదులు, 34 మెట్లదారులు, నాలుగు విశాలమైన లోపలి ముంగిళ్లు ఉన్నాయి. వెనుక 120 హెక్టార్ల ఉద్యానవనం కొండ దాకా సాగుతుంది. దీని రూపశిల్పి లుయీజి వాన్వితెల్లి. 1752లో శంకుస్థాపన జరిగితే సింహాసన మందిరం సిద్ధమయ్యేసరికి 1845 వచ్చింది. ఇటలీ బరోక్ వాస్తుకళలో చివరి మహానిర్మాణంగా దీన్ని చాలామంది చరిత్రకారులు లెక్కిస్తారు.

కసెర్తా గురించిన వర్ణనలు తరచూ గదుల లెక్కతో మొదలై, ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌తో పోలిక దగ్గర ఆగిపోతాయి. గదుల సంఖ్య చూసి అబ్బురపడటం సహజమే. కానీ ఈ నిర్మాణంలో అసలు సాహసం భవనానికి నీరు తెచ్చిన 38 కిలోమీటర్ల కాలువకు అవతలి కొసన, తబుర్నో కొండ పాదంలోని ఊటల దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి తెచ్చిన నీరే తోటను బతికించింది, పిండిమరలను తిప్పింది, పట్టు పరిశ్రమను నడిపింది, కొంతకాలానికి నేపుల్స్ దప్పిక తీర్చడానికీ అక్కరకు వచ్చింది. ఆ నీటిని పక్కన పెట్టి భవనాన్ని మాత్రమే చూస్తే సగం కథే తెలుస్తుంది.

రాజు, రాజ్యం

నేపుల్స్ రాజ్యం రెండు శతాబ్దాలకు పైగా పరాయి ప్రభువుల ప్రతినిధుల పాలనలో ఉండేది. ముందు స్పెయిన్, 1707 తర్వాత ఆస్ట్రియా దాన్ని ఏలాయి. 1734లో స్పెయిన్ రాజు అయిదవ ఫిలిప్ కుమారుడు చార్లెస్ సైన్యంతో వచ్చి ఆ రాజ్యాన్ని గెలుచుకున్నాడు. అప్పటికతని వయసు 18 ఏళ్లు. నేపుల్స్‌కు తన గడ్డ మీదే నివసించే రాజు మళ్లీ దొరికాడు.

చార్లెస్‌కు కట్టడాల మీద మోజు వంశపారంపర్యంగా వచ్చింది. అతని ముత్తాత ఫ్రాన్స్ చక్రవర్తిలా వెలిగిన పద్నాలుగవ లూయీ, వెర్సాయ్‌ను నిర్మించినవాడు. తండ్రి ఫిలిప్ స్పెయిన్ కొండల్లో లా గ్రాంహా అనే భవనాన్నీ, ఫౌంటెన్ల తోటనూ కట్టించాడు. చార్లెస్ నేపుల్స్‌లో కుదురుకున్న కొద్ది సంవత్సరాల్లోనే సాన్ కార్లో నాటకశాల వెలసింది, పోర్తిచి, కపోదిమోంతే భవనాలు మొదలయ్యాయి. వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో 1738లో, పాంపేలో 1748లో తవ్వకాలు ఆరంభమైనదీ ఇతని హయాంలోనే.

ఇన్ని భవనాలుండగా సముద్రానికి దూరంగా మరొకటి ఎందుకు? 1742 ఆగస్టులో బ్రిటిష్ నౌకాదళం నేపుల్స్ తీరానికి వచ్చి ఫిరంగులు ఎక్కుపెట్టింది. ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలో స్పెయిన్‌కు తోడుగా పంపిన సేనలను వెనక్కి పిలిపించకపోతే నగరాన్ని పేల్చేస్తామని గంటల గడువు పెట్టింది. రాజు లొంగక తప్పలేదు. ఒడ్డునే ఉన్న రాజధాని ఎంత నిస్సహాయమైందో ఆ రోజు తేలిపోయింది. పైగా జనంతో కిక్కిరిసిన నేపుల్స్‌లో మంత్రిత్వ కార్యాలయాలు, న్యాయస్థానాలు, సైనిక నివాసాలు ఒకచోట చేర్చడానికి జాగా లేదు. కసెర్తా మైదానం సముద్రానికి దూరం, వేటకు అనువు, నేపుల్స్‌కు దగ్గర. గయెతానీ ప్రభువుల చేతిలో ఉన్న ఆ జాగీరును రాజు 1750లో కొన్నాడు. అతని ఆలోచన ఒక్క భవనంతో ఆగలేదు. ప్రభుత్వమంతా కొలువుండే కొత్త రాజధానిని, దాని నుంచి నేపుల్స్ దాకా తిన్నగా సాగే చెట్ల బాటను ఊహించాడు. ఆ రాజధాని కాగితం మీదే మిగిలింది.

వాన్వితెల్లి

రాజు ముందుగా అడిగినవాళ్లలో రోమ్‌లోని ట్రెవీ ఫౌంటెన్ రూపకర్త నికొలా సాల్వీ ఒకడు. అతను అప్పటికే జబ్బుమనిషి. ఆ తర్వాత పిలుపు అందుకున్న లుయీజి వాన్వితెల్లి 1700లో నేపుల్స్‌లోనే పుట్టాడు. తండ్రి గాస్పార్ వాన్ విట్టెల్ నెదర్లాండ్స్ నుంచి ఇటలీకి వచ్చి నగర దృశ్యాలు గీయడంలో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. ఆ ఇంటిపేరే ఇటాలియన్ నోళ్లలో వాన్వితెల్లి అయింది.

లుయీజి పోప్ కొలువులో ఇంజినీరుగా రాటుదేలినవాడు. అంకోనా రేవులో నీటి నడుమ అయిదు మూలల క్వారంటీన్ కట్టడం నిర్మించాడు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ గుమ్మటానికి పగుళ్లు వచ్చినప్పుడు దాని చుట్టూ ఇనుప పట్టీలు బిగించే పని చేయించాడు. కసెర్తాకు అలంకారం తెలిసిన శిల్పికన్నా నీరు, బరువు, వాలు తెలిసిన మనిషే ఎక్కువ అవసరమయ్యాడు. ఆ రెండు విద్యలూ ఒకే మనిషిలో దొరకడం చార్లెస్ అదృష్టం. పోప్ అనుమతితో 1751లో అతను నేపుల్స్ చేరి, రాజుకూ రాణి మరియా అమాలియాకూ నమూనాలు చూపించాడు.

1752 జనవరి 20న, రాజు పుట్టినరోజు నాడు, శంకుస్థాపన జరిగింది. రాబోయే భవనం సరిహద్దు ఎక్కడెక్కడ వస్తుందో తెలిసేలా సైనికులను ఆ గీత వెంట బారులుగా నిలబెట్టారు. ఖాళీ మైదానంలో మనుషులతో గీసిన ఆ నక్షాను తర్వాత ఒక చిత్రకారుడు సింహాసన మందిరం పైకప్పు మీద చిత్రించాడు. 1756లో రాజముద్రణాలయం ఈ నిర్మాణ ప్రణాళికలను పెద్ద పెద్ద రాగిరేకు చిత్రాలతో గ్రంథంగా అచ్చువేసింది. అందులో భవనం నాలుగు మూలలా బురుజులు, నడిమధ్య ఒక గుమ్మటం కనిపిస్తాయి. అవేవీ కట్టలేదు. ఈరోజు కసెర్తా ముఖభాగం కాస్త బల్లపరుపుగా, కచేరీ భవనంలా తోస్తుందని కొందరు చూపరులు అనడానికి ఇదొక కారణం. రూపశిల్పి ఊహించిన పైఅంచు అది కాదు.

వాన్వితెల్లి రోమ్‌లో ఉన్న తన తమ్ముడు ఉర్బానోకు ఏళ్ల తరబడి రాసిన ఉత్తరాలు నిలిచి ఉన్నాయి. రాళ్ల రవాణా, కొలువులోని అసూయలు, సొంత ఆరోగ్యం, పిల్లల భవిష్యత్తు అన్నీ అందులో ఉంటాయి. 18వ శతాబ్దంలో ఒక మహానిర్మాణం రోజువారీగా ఎలా నడిచిందో తెలుసుకోవడానికి ఇంతకంటే ఆత్మీయమైన ఆధారం దొరకడం అరుదు.

భవనం

నక్షా చాలా సరళం. దాదాపు 250 మీటర్ల పొడవు, 190 మీటర్ల వెడల్పు గల దీర్ఘచతురస్రంలో కూడిక గుర్తులా రెండు భవనపు రెక్కలు ఒకదాన్నొకటి కోస్తాయి. అందువల్ల నాలుగు ముంగిళ్లు ఏర్పడ్డాయి. రాళ్లు, సున్నం, ఇటుకలు చుట్టుపక్కల నుంచే వచ్చాయి. టఫ్ రాయి సాన్ నికొలా నుంచి, ట్రావర్టైన్ బెల్లోనా నుంచి, ఇటుకలు కాపువా నుంచి, అగ్నిపర్వతపు బూడిద బాకొలి నుంచి తెచ్చారు. తెల్ల పాలరాయి మాత్రం దూరాన ఉన్న కరారా నుంచి వచ్చింది. వేల మంది పనిచేశారు. వాళ్లలో కూలికి వచ్చిన మేస్త్రీలు, రైతులు ఉన్నారు. శిక్షపడ్డ ఖైదీలు, సముద్రం మీద పట్టుబడి బానిసలైన ఉత్తర ఆఫ్రికా ముస్లింలు కూడా ఉన్నారు. కసెర్తా వైభవాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ చివరి వరుసవాళ్ల పేరు ఎత్తకపోవడం అన్యాయం. వాళ్ల చెమట రాతిరాతిలో ఉంది.

ముఖద్వారం దాటగానే భవనం ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగే పొడవైన వీధి లాంటి నడవ కనిపిస్తుంది. దాని కొసన తోట, తోట కొసన కొండ, కొండ మీద నుంచి జారే జలపాతం, అన్నీ ఒకే సూటిలో కంటికి అందుతాయి. మూడు కిలోమీటర్ల అవతలి నీరు గుమ్మంలోనే కనబడేలా అమర్చడం బరోక్ రంగస్థల విద్యకు పరాకాష్ఠ. ఈ నడవ నట్టనడుమ ఎనిమిది పలకల మండపం ఉంది. అక్కడ కుడివైపు తిరిగితే రాచమెట్లు మొదలవుతాయి.

రాచమెట్ల కోసమైనా కసెర్తా చూడాలని చాలామంది అంటారు. వందకు పైగా మెట్లు, ఒక్కొక్కటీ ఏకశిల. మొదట ఒకే వరుసగా లేచి, మధ్యలో తిరిగి రెండు సమాంతర వరుసలుగా పైకి వెళతాయి. మలుపు దగ్గర రెండు పాలరాతి సింహాలు కాపలా కాస్తాయి. పైన గుమ్మటం రెండు పొరలది. రెండు పొరల మధ్య కంటికి కనిపించని వసారాలో వాద్యకారులు కూర్చునేవారు. రాజు మెట్లెక్కుతుంటే సంగీతం ఎక్కడి నుంచి వస్తోందో అతిథులకు అంతుచిక్కేది కాదు.

ప్రార్థనాలయం వెర్సాయ్ నమూనాను గుర్తుచేస్తుంది. వాన్వితెల్లి కళ్లారా పూర్తయిన భాగం మాత్రం ఒక్కటే, రాజనాటకశాల. 1769లో దాన్ని ప్రారంభించారు. గుర్రపునాడా ఆకారంలో ఉన్న ఈ చిన్న శాలలో పొజ్జువోలిలోని ప్రాచీన రోమన్ కట్టడం నుంచి తెచ్చిన స్తంభాలు నిలబెట్టారు. రంగస్థలం వెనుక గోడలో పెద్ద తలుపు పెట్టారు. దాన్ని తెరిస్తే నిజమైన తోటే తెరగా మారుతుంది.

నీటి దారి

వెర్సాయ్‌లో ముందు తోట వచ్చింది, నీటి కోసం వెతుకులాట తర్వాత వచ్చింది. సేన్ నది ఒడ్డున మార్లీ దగ్గర 14 చక్రాల భారీ యంత్రం పెట్టినా ఫౌంటెన్లన్నిటికీ ఒకేసారి నీరు చాలలేదు. రాజు ఒకవైపు నడిచి వస్తుంటే పనివాళ్లు ఈలలతో కబురందించుకుని ఆ వైపు ఫౌంటెన్లు మాత్రమే తెరిచేవారట. ఊర్ నది నీటిని తెచ్చే ప్రయత్నం వేలాది సైనికుల శ్రమను మింగి, సగంలోనే ఆగిపోయింది. వాన్వితెల్లి ఈ పాఠం చదువుకున్నాడు. భవనానికి పునాది వేసిన మరుసటి ఏడాదే, 1753లో, నీటి కాలువ పని మొదలుపెట్టాడు. గోడలు లేస్తుండగానే కొండలు తొలిచే పనీ సాగింది.

బెనెవెంటో వైపున తబుర్నో కొండ కింద ఫిజ్జో అనే ఊటలున్నాయి. అక్కడి నుంచి కసెర్తా పైనున్న కొండ దాకా నీటిని తెచ్చే మార్గం పొడవు 38 కిలోమీటర్లు. రాజు పేరు మీద దాన్ని కరొలీనో అక్విడక్టు అన్నారు. ఎక్కువ భాగం నేల కిందే సాగే ఈ కాలువ వెడల్పు సుమారు 1.2 మీటర్లు. ఎత్తు మనిషి వంగి నడిచేటంత. వాలు కిలోమీటరుకు సగటున అర మీటరే. అంతకంటే ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, కొండ మీదికి చేరాల్సిన నీరు ఎత్తు కోల్పోతుంది. తక్కువైతే ప్రవాహం నిలిచి ఒండ్రు పేరుకుంటుంది. లేజరు పరికరాలు లేని కాలంలో, సొరంగాలు తొలుస్తూ, లోయలు దాటుతూ ఆ వాలును చివరిదాకా నిలబెట్టడం మామూలు విషయం కాదు. దారి పొడవునా గాలి ఆడటానికీ, మరమ్మతుకు దిగటానికీ చిన్న గోపురాల్లాంటి గదులు కట్టారు. అవి ఇప్పటికీ పొలాల మధ్య కనిపిస్తాయి.

అతి కష్టమైన చోటు మద్దలొని దగ్గరి లోయ. రెండు కొండల మధ్య నీటిని దాటించడానికి వాన్వితెల్లి ప్రాచీన రోమన్ల పద్ధతిని ఆశ్రయించాడు. మూడు అంతస్తుల కమానులతో 529 మీటర్ల పొడవు, 55 మీటర్లకు పైగా ఎత్తు గల వంతెన కట్టాడు. యూరప్‌లో ఆ కాలానికి అంత పెద్ద నీటి వంతెనలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. కోనసీమలో పి. గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద కాటన్ హయాంలో కట్టిన అక్విడక్టును చూసినవాళ్లు మద్దలొని వంతెన పనితీరును ఇట్టే పోల్చుకుంటారు. రెండింటిలోనూ నమ్ముకున్నది నేల వాలును, కమానుల బలాన్నే. గన్నవరంలో నది మీదుగా కాలువ దాటుతుంది. మద్దలొనిలో ఎత్తు చాలా ఎక్కువ, భూకంపాల భయమూ ఎక్కువ. ఆ భయాన్ని ఎరిగే శిల్పి స్తంభాలను లావుగా, కింది నుంచి పైకి సన్నబడుతూ కట్టించాడు. వంతెన రెండున్నర శతాబ్దాల భూకంపాలను తట్టుకుని నిలిచింది.

1762 మే 7న నీరు కసెర్తా కొండ మీదికి చేరింది. కాలువకు పేరిచ్చిన రాజు ఆ రోజు అక్కడ లేడు. 1759లో అన్న చనిపోవడంతో స్పెయిన్ సింహాసనం చార్లెస్‌కు దక్కింది. నేపుల్స్ కిరీటాన్ని ఎనిమిదేళ్ల కుమారుడు ఫెర్డినాండ్‌కు అప్పగించి, భార్యాపిల్లలతో ఓడెక్కి వెళ్లిపోయాడు. మళ్లీ తిరిగి రాలేదు. తాను కలగన్న భవనంలో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు. బాలరాజు తరపున పాలించిన మంత్రి తనూచ్చి ఖర్చుల విషయంలో పొదుపరి. పని మందగించింది. వాన్వితెల్లి 1773 మార్చి 1న కసెర్తాలోనే కన్నుమూశాడు. మిగిలిన పని కొడుకు కార్లో భుజాన పడింది.

ఉద్యానవనం

భవనం వెనుక నుంచి కొండ దాకా సుమారు మూడు కిలోమీటర్ల పొడవున ఒక్క గీత. దాన్ని వెన్నెముకగా చేసుకుని తోట అంతా అమరింది. మొదటి భాగంలో పచ్చిక బయళ్లు, ఇరుపక్కలా వృక్షాల గుంపులు. పాత ప్రభువుల కాలం నుంచీ ఉన్న అడవిని ఇందులో కలుపుకున్నారు. 1753 నుంచి మొక్కల పనిని ఫ్రెంచి తోటమాలి మార్టిన్ బియాంకూర్ చూశాడు. అడవి పక్కన పెద్ద చేపల చెరువు తవ్వారు. రాజభోజనానికి చేపలు అక్కడి నుంచే. బాలరాజు ఫెర్డినాండ్ చిన్న పడవలతో నౌకాయుద్ధపు ఆటలు ఆడినదీ అక్కడే. నేల మీది యుద్ధాల ఆటకు దగ్గర్లోనే ఒక చిన్న కోటను కట్టారు.

రెండో భాగంలో నీటి మెట్లు వస్తాయి. కొండ దిగిన నీరు ఒక కొలను నుంచి ఇంకో కొలనుకు, ఒక జలధార నుంచి మరొకదానికి దిగుతూ భవనం వైపు నడుస్తుంది. ఒక్కో మజిలీలో ఒక పురాణ కథ. భవనం వైపు నుంచి వెళితే ముందు డాల్ఫిన్ల నోళ్ల నుంచి నీరు కక్కే ఫౌంటెన్ వస్తుంది. తర్వాత గాలిదేవుడు ఎయొలస్ కొలువు. గుహల ముందు గాలుల విగ్రహాలు నిలబెట్టారు కానీ, అనుకున్నవాటిలో దాదాపు సగమే చెక్కారు, రథమెక్కాల్సిన జూనో దేవత రానే లేదు. ఆపైన పంటల తల్లి సెరెస్, ఆమె చుట్టూ సిసిలీ నదుల రూపాలు. సిసిలీ కూడా ఈ రాజులదే, ధాన్యానికి ప్రసిద్ధి. ఆపై వీనస్, అడోనిస్ ఉన్నారు. వేటకు వెళ్లవద్దని ప్రియుణ్ణి బతిమాలే దేవత ఆమె.

కొస మజిలీలో డయానా, ఆక్టియాన్ కథ. దేవత స్నానమాడుతుంటే అనుకోకుండా చూసిన వేటగాణ్ణి ఆమె జింకగా మార్చేస్తుంది, సొంత వేటకుక్కలే అతణ్ణి చీల్చుతాయి. కొలనుకు ఒక వైపు దేవత, ఆమె చెలికత్తెల గుంపు. మరో వైపు జింక తల మొలుస్తున్న ఆక్టియాన్, మీద పడుతున్న కుక్కలు. మధ్య నుంచి జలపాతం దూకుతుంది. కసెర్తా శిల్పాల్లో ప్రాణం ఉన్నది ఇక్కడే అని నా అభిప్రాయం. మిగతాచోట్ల విగ్రహాలు తోటకు అలంకారాలు. ఇక్కడ నీటి హోరు, రాతి కదలిక ఒక్కటై కథ చెబుతాయి. వేట పిచ్చి ఉన్న రాజవంశపు తోటలో, వేటగాడే వేటైపోయే కథకు పెద్దపీట దక్కడం కూడా ఆలోచింపజేస్తుంది.

ఈ ఫౌంటెన్లు ఎక్కువగా 1770, 80 దశకాల్లో కార్లో వాన్వితెల్లి ఆధ్వర్యంలో తయారయ్యాయి. తండ్రి గీసిన నక్షాలో ఫౌంటెన్లు ఇంకా ఎక్కువ, పూలమడుల అలంకరణ ఇంకా దట్టం. డబ్బు చాలక కొడుకు వాటిని తగ్గించాడు. తగ్గింపు తోటకు మేలే చేసింది. ఒక్క నీటి గీత మీద చూపు నిలపడానికి వీలు దొరికింది.

ఇంగ్లిష్ తోట

ఫెర్డినాండ్ భార్య మరియా కరోలినా ఆస్ట్రియా మహారాణి మరియా తెరెసా కూతురు, ఫ్రాన్స్ రాణి మరీ ఆంత్వానెత్‌కు అక్క. రాజు వేటలో మునిగి ఉంటే రాజ్య వ్యవహారాల్లో చాలా భాగం ఆమే నడిపేది. చదువరి, భవనంలోని గ్రంథాలయం ఆమె శ్రద్ధ వల్ల పెరిగింది. గీతల తోటల కాలం పోయి, సహజ ప్రకృతిలా కనిపించే ఇంగ్లిష్ తోటల మోజు యూరప్ అంతా వ్యాపిస్తున్న రోజులవి. నేపుల్స్‌లోని బ్రిటిష్ రాయబారి, అగ్నిపర్వతాల పరిశోధకుడు విలియం హామిల్టన్ సలహా మీద ఆమె అలాంటి తోట కోసం పట్టుబట్టింది. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ద్వారా జర్మన్ మూలాలున్న తోటమాలి జాన్ ఆండ్రూ గ్రేఫర్‌ను లండన్ నుంచి రప్పించారు. 1786లో జలపాతానికి పక్కన పని మొదలైంది.

గ్రేఫర్ చేసిన తోటలో సరళరేఖ ఒక్కటీ లేదు. వంకర బాటలు, చిన్న చెరువు, కావాలని శిథిలంగా కట్టిన మండపాలు, పాంపే తవ్వకాల నుంచీ ఫర్నేజె వంశపు సేకరణ నుంచీ తెచ్చిన విగ్రహాలున్న నేలమాళిగ, వీనస్ స్నానం చేస్తున్నట్టున్న కొలను. ఇటలీలో మొట్టమొదట నాటినదిగా చెప్పుకునే కమీలియా చెట్టు ఇక్కడే ఉంది. దూరదేశాల విత్తనాలు తెప్పించి, గాజు ఇళ్లలో మొలిపించి, ఈ వాతావరణానికి అలవాటు చేశారు. అలా ఇది వినోదంతో పాటు వృక్షశాస్త్ర ప్రయోగశాల కూడా అయింది. దీనికీ ఆధారం కరొలీనో నీరే. గ్రేఫర్ తర్వాత సిసిలీలో అడ్మిరల్ నెల్సన్‌కు దక్కిన బ్రాంటే జాగీరును చూసుకోవడానికి వెళ్లి, 1802లో అక్కడే మరణించాడు.

జర్మన్ కవి గోథె 1787 మార్చిలో కసెర్తాకు వచ్చాడు. ఆస్థాన చిత్రకారుడు హాకెర్ట్ దగ్గర ఉన్నాడు. ప్రాచీన శిల్పాల భంగిమలు పట్టి చూపించే ఎమ్మా హార్ట్ ప్రదర్శనను ఇక్కడే చూశాడు. ఆమే తర్వాత లేడీ హామిల్టన్‌గా, నెల్సన్ ప్రియురాలిగా యూరప్‌కంతా తెలిసింది.

సాన్ లేవుచో

కసెర్తాకు ఆనుకున్న కొండ మీద సాన్ లేవుచో అనే చోట ఫెర్డినాండ్‌కు వేట బంగళా ఉండేది. 1778లో అతని పెద్దకొడుకు మశూచితో పోయాక ఆ బంగళాను నివాసంగా వదిలేసి, పట్టు పరిశ్రమకు ఇచ్చేశాడు. కరొలీనో నీటితో తిరిగే చక్రాలు పట్టునూలు వడికే యంత్రాలను నడిపించాయి. మగ్గాలతో పాటు పనివాళ్లకు వరుస ఇళ్లు కట్టారు.

1789లో, ఫ్రాన్స్ విప్లవం చెలరేగిన ఏడాదే, రాజు ఈ చిన్న పట్టు గ్రామానికి ఒక చట్టం ప్రకటించాడు. ఆడా మగా పిల్లలకు చదువు తప్పనిసరి. ఆస్తిలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. పెళ్లిలో తల్లిదండ్రుల బలవంతం ఉండకూడదు, కట్నాలు ఉండకూడదు. మశూచికి టీకా వేయించాలి, కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఈ నియమం పెట్టడం అర్థం చేసుకోదగ్గదే. మనిషికీ మనిషికీ తేడా పనితనంలోనే, దుస్తుల్లో కాదు అన్నది మూలసూత్రం. రాజుగారి దయ మీద నిలబడిన సమానత్వం కనుక దీన్ని విప్లవం అనలేం. ఆ సూత్రాలు గ్రామం పొలిమేర దాటి రాజ్యంలోకి రాలేదు. అయినా 18వ శతాబ్దపు నేపుల్స్‌లో ఒక నేతగత్తె కూతురికి అన్నతో సమానంగా ఆస్తి హక్కు రాసి ఇవ్వడం చిన్న విషయం కాదు. ఇక్కడ పెద్ద ఆదర్శ నగరం కట్టాలని వాన్వితెల్లి శిష్యుడు ఫ్రాంచెస్కో కొల్లెచీని నక్షాలు గీశాడు. 1799 సంక్షోభంతో అది ఆగిపోయింది. పట్టు నేత మాత్రం సాన్ లేవుచోలో తరాలపాటు నిలిచింది.

చేతులు మారిన భవనం

1798 చివర్లో ఫ్రెంచి సేనలు వస్తున్నాయని తెలిసి రాజకుటుంబం నెల్సన్ ఓడలో సిసిలీకి పారిపోయింది. 1799లో కొన్ని నెలలు నిలిచిన గణతంత్రం రోజుల్లో కసెర్తా సామగ్రి చాలా దోపిడీ అయింది. 1806 నుంచి నెపోలియన్ అన్న జోసెఫ్, తర్వాత అతని బావ జోయాకిం మ్యురా నేపుల్స్‌ను ఏలారు. మ్యురా కోసం అలంకరించిన గదులు ఫ్రెంచి సామ్రాజ్య శైలిలో ఇప్పటికీ విడిగా కనబడతాయి. 1815లో బోర్బన్లు తిరిగొచ్చారు. రెండవ ఫెర్డినాండ్ కాలంలో, 1843లో, నేపుల్స్ నుంచి కసెర్తాకు రైలు వచ్చింది. 1845లో సింహాసన మందిరం పూర్తయింది. అంటే సింహాసనానికి గది సిద్ధమయ్యాక ఆ వంశం అక్కడ కూర్చున్నది 15 ఏళ్లే. రెండవ ఫెర్డినాండ్ 1859 మేలో ఈ భవనంలోనే చనిపోయాడు. మరుసటి ఏడాది ఇటలీ ఐక్యత కోసం పోరాడుతున్న గరిబాల్డీ దళాలు వచ్చాయి. 1860 అక్టోబరు మొదట్లో జరిగిన వోల్తుర్నో యుద్ధంలో మద్దలొని నీటి వంతెన చుట్టూ హోరాహోరీ పోరు సాగింది. గరిబాల్డీ సేనాని నీనో బిక్సియో అక్కడ బోర్బన్ సేనలను ఆపాడు. ఐక్య ఇటలీలో భవనం సావోయి రాజవంశానికి, 1919లో ప్రభుత్వానికి దక్కింది.

యుద్ధం, ఆ తర్వాత

1926 నుంచి 1943 దాకా ఇటలీ వైమానిక దళ అకాడమీ ఇక్కడ నడిచింది. 1943లో బాంబులు పడి ప్రార్థనాలయం బాగా దెబ్బతింది, అందులోని చిత్రాలు చాలావరకు నాశనమయ్యాయి. అదే ఏడాది మిత్రరాజ్యాల సేనలు భవనాన్ని స్వాధీనం చేసుకుని, ఇటలీ యుద్ధాన్ని నడిపే ప్రధాన కార్యాలయంగా మార్చాయి. 1944 మొదటి నెలల్లో ఉత్తరాన కసీనో కొండ దగ్గర జరిగిన భీకర పోరాటాలకు ఆజ్ఞలు వెళ్లింది ఈ గదుల్లోంచే. అక్కడ పోరాడిన 4వ భారత డివిజన్‌లో మద్రాసు సాపర్ల కంపెనీ కూడా ఉంది. తెలుగు జిల్లాల నుంచి కుర్రాళ్లు చేరుతూ వచ్చిన దళమది.

1945 ఏప్రిల్ 29న ఇటలీలోని జర్మన్ సేనల తరపున ఇద్దరు అధికారులు కసెర్తాలో లొంగుబాటు పత్రం మీద సంతకాలు చేశారు. మే 2 నుంచి అది అమల్లోకి వచ్చింది. యూరప్ మొత్తంలో యుద్ధం ముగియడానికి కొద్ది రోజుల ముందే ఇటలీలో తుపాకులు ఆగాయి.

యుద్ధం తర్వాత ప్రార్థనాలయాన్ని, మిగతా భాగాలను మరమ్మతు చేశారు. 1980 నవంబరులో దక్షిణ ఇటలీని కుదిపిన భూకంపం కసెర్తాకు ఊహించని కానుక తెచ్చింది. నేపుల్స్ కళాపోషకుడు లూచో అమేలియో భూకంపం మీద స్పందించమని ఆండీ వార్హోల్, జోసెఫ్ బాయిస్ వంటి సమకాలీన కళాకారులను కోరాడు. అలా వచ్చిన కృతుల సేకరణను 1994లో మరణించే ముందు ఈ భవనానికి రాసిచ్చాడు. బరోక్ గదుల్లో ఆ విరిగిన ఇనుము, కాలిన చెక్క, నలిగిన గుడ్డల కృతులు విచిత్రంగా ఇమిడిపోతాయి. 1997లో యునెస్కో కసెర్తాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఒక్క భవనాన్ని కాకుండా తోట, కరొలీనో అక్విడక్టు, సాన్ లేవుచో అన్నిటినీ కలిపి ఒకే వారసత్వంగా గుర్తించింది. అదే రోజుల్లో ఈ మెట్లు, నడవలు స్టార్ వార్స్ చిత్రంలో నాబూ గ్రహపు రాణి భవనంగా కనిపించి, బోర్బన్ల పేరు వినని తరానికి కూడా పరిచయమయ్యాయి.

ఇంత పెద్ద ఆస్తిని కాపాడటం ఏటేటా పోరాటమే. వయసు మళ్లిన చెట్లను తీసి కొత్తవి నాటాలి. ఊడుతున్న గచ్చును, కదిలిన రాళ్లను పట్టి నిలపాలి. కొలనుల్లో నాచు పట్టకుండా చూడాలి. అన్నిటికన్నా ముందు 38 కిలోమీటర్ల కాలువలో నీటి పారుదల చెడకుండా కాచుకోవాలి. ఒకప్పుడు సైనిక పాఠశాలలకు, కార్యాలయాలకు ఇచ్చిన గదులను మ్యూజియం క్రమంగా తిరిగి తీసుకుంటోంది. సందర్శకులు రాజగదులు, తోట, ఇంగ్లిష్ తోట చూడగలరు. తోటలో జలపాతం దాకా నడక దూరం ఎక్కువ కనుక సైకిళ్లు, చిన్న బస్సులు ఉన్నాయి. సాన్ లేవుచోలో పాత పట్టు యంత్రాలతో మ్యూజియం నడుస్తోంది. మద్దలొని వంతెన పట్టణానికి ఎడంగా ఉన్నందువల్ల అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ. ఒక రోజంతా చేతిలో ఉంటే దాన్ని వదులుకోకూడదు.